ప్రాశ్నికుడి కొలత, ప్రేక్షకుడి సాక్ష్యం: తెలుగు నాటక ప్రదర్శన సమీక్ష – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తెలుగు నాటక రచనకు సమగ్రమైన చరిత్రలు వచ్చాయి. నాటక ప్రదర్శనకు ఆ స్థాయి చరిత్ర లేకపోవడానికి ఆధారాల కొరత ఒక ముఖ్య కారణం. తెలుగు ప్రేక్షకులు ప్రదర్శన విలువ కట్టడంలో ఎన్నడూ వెనుకబడలేదు. ఈలలు, వన్స్ మోర్‌లు, బిరుదులు, పతకాలు, మార్కులు అన్నీ విలువ కట్టిన గుర్తులే. చూసినదాన్ని చూసినట్టు వర్ణించి రాసినవారు మాత్రం తక్కువ. ఆ కొద్దిమంది రచనల ప్రాధాన్యాన్ని, అవి లేనిచోట చరిత్రకారుడికి ఎదురయ్యే ఇబ్బందిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ప్రదర్శన సమీక్ష, సిద్ధి, ప్రాశ్నికుడు, పద్యనాటకం, పరిషత్తు, పురాణం సూరిశాస్త్రి, మిక్కిలినేని, కన్యాశుల్కం, చింతామణి.

1. ఉపోద్ఘాతం

తెలుగు నాటకంపై వచ్చిన సిద్ధాంత గ్రంథాల విషయసూచికలు చాలావరకు ఒకే వరుసలో నడుస్తాయి. ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంభాషణలు, భాష, రసపోషణ, సామాజిక దృక్పథం – ఇవన్నీ ముగిశాక, చోటు మిగిలితే, ప్రదర్శనను గురించి కొన్ని పుటలు ఉంటాయి. ఆ పుటల్లోనూ ఏ సమాజం ఎక్కడ ఆడింది, ఎవరు ఏ పాత్ర ధరించారు అన్న వివరాలే ఎక్కువ. నటుడు ఆ పాత్రను ఎలా ధరించాడు, రంగం మీద ఏది కొత్తగా కనిపించింది, ప్రేక్షకులు ఎక్కడ కదిలారు, ఎక్కడ విసుగు చెందారు అన్న ప్రశ్నలకు సమాధానం అరుదు.

దీన్ని పరిశోధకుల అశ్రద్ధగా మాత్రమే భావించడం సరికాదు. నాటకాన్ని దృశ్యకావ్యం అన్నప్పుడు మన విమర్శ ‘కావ్యం’ అన్న పదం మీదే ఊనిక ఉంచింది. వస్తువు, నేత, రసం అనే దశరూపక విభజన పుస్తకం చదువుతూ అన్వయించుకోవడానికి వీలైనది. ప్రదర్శన అలా కాదు. అది జరిగిన రాత్రితోనే ముగుస్తుంది. మరునాడు మిగిలేది చూసినవాడి జ్ఞాపకం. అతడు రాస్తే ఆధారం అవుతుంది, రాయకపోతే అతడితోనే పోతుంది.

2. భరతుడి సిద్ధ్యధ్యాయం

ప్రదర్శనను ఎలా అంచనా వేయాలన్న ఆలోచన మన సంప్రదాయంలో లేదనడానికి వీలులేదు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం పూర్తిగా ఈ విషయానికే కేటాయించినది. అలంకారశాస్త్ర చర్చల్లో రసాధ్యాయానికి దక్కిన గౌరవంలో పదోవంతు కూడా ఈ అధ్యాయానికి దక్కలేదు. ఇందులో భరతుడు ప్రదర్శన సాఫల్యాన్ని మానుషి, దైవికి అని రెండు విధాలుగా చెబుతాడు. మానుషీ సిద్ధి మళ్లీ రెండు రకాలు: మాటతో వెల్లడయ్యేది, శరీరంతో వెల్లడయ్యేది. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అనడం, ‘అహో’ అనడం, ‘కష్టం’ అని బాధపడటం మొదటి రకం. ఒళ్లు గగుర్పొడవడం, కూర్చున్నచోటునుంచి లేవడం, పైబట్టలు, ఉంగరాలు రంగం మీదకు విసరడం రెండో రకం. ఇక సభలో చప్పుడు లేక, కలత లేక, రంగస్థలం నిండుగా ఉన్నప్పుడు లభించేది దైవికీ సిద్ధి. ప్రేక్షకుల మౌనానికి చప్పట్ల కంటే పైస్థానం ఇచ్చిన ఈ సూక్ష్మపరిశీలన నాటకశాలలో ఎన్నో రాత్రులు గడిపినవాడికి తప్ప సాధ్యం కాదు.

ప్రదర్శనకు కలిగే విఘాతాలనూ ఆ అధ్యాయం పేర్కొంటుంది. గాలి, వాన, నిప్పు, పాము వంటివి దైవికాలు. నటుడు మాట మరచిపోవడం, ఒకరి మాట మరొకరు చెప్పడం, కిరీటం జారిపడటం స్వయంకృతాలు. గిట్టనివారు పెద్దగా నవ్వడం, అరవడం, పేడ, మట్టిబెడ్డలు, చీమలు విసరడం పరకృతాలు. చీమల ప్రస్తావన చదివినప్పుడు ఇది కేవలం ఊహించి రాసిన శాస్త్రం కాదని తెలుస్తుంది.

తీర్పు చెప్పేవారిని భరతుడు ప్రాశ్నికులు అన్నాడు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, శబ్దశాస్త్రవేత్త, రాజు, విలువిద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు – ఈ పదిమందీ తమతమ రంగాలకు సంబంధించిన అంశాలను మాత్రమే పరిశీలించాలి. విలువిద్య తెలిసినవాడు నటుడి నిలకడను, చిత్రకారుడు వేషాన్ని, శబ్దవేత్త పాఠ్యాన్ని చూస్తారు. గుణదోషాలను లెక్క కట్టడానికి గణకులు, రాయడానికి లేఖకులు ఉండాలన్న సూచన కూడా ఉంది. లెక్కించేవాడు, వ్రాసేవాడు వేర్వేరు మనుషులు కావడం గమనార్హం. తెలుగు నాటకరంగంలో తరువాతి కాలంలో గణకుడు స్థిరపడినంతగా లేఖకుడు స్థిరపడలేదు.

3. ముద్రణకు ముందు, తరువాత

తెలుగు నేలపై ఒక ప్రదర్శనను గురించి లభించే పాత కథనాల్లో మాచుపల్లి కైఫీయతు ప్రసిద్ధమైనది. కూచిపూడివారు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట కేళిక పట్టి, సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు ధనం కోసం స్త్రీలను పెడుతున్న హింసను ప్రదర్శించారని, దాన్ని చూసిన రాయలు అతడి పైకి సైన్యాన్ని పంపాడని అందులో ఉంది. ఎవరెవరి వేషాలు కట్టారో కూడా కైఫీయతు చెబుతుంది. కూచిపూడి ప్రాచీనతకు రుజువుగా పరిశోధకులు దీన్ని ఉదాహరిస్తారు. ప్రదర్శన సమీక్ష దృష్టితో చూస్తే మరొక విశేషం ఉంది: ఏమి ఆడారు, ఎవరు చూశారు, చూసినవారు ఏం చేశారు అన్న మూడు అంశాలూ ఇందులో ఒకచోట చేరాయి. తరువాతి కాలపు ఎన్నో పత్రికా వార్తల్లో ఈ మూడూ కలిసి కనిపించవు.

ఆధునిక నాటక ప్రదర్శన చరిత్ర 1880 నుంచి మొదలవుతుందని సాధారణంగా అంగీకరిస్తారు. ధార్వాడ నాటక సమాజం రాజమండ్రిలో ప్రదర్శనలిచ్చి వెళ్లాక, కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులను సమీకరించి నాటకాలు ఆడించారు. ఈ ఘట్టం అన్ని చరిత్రల్లోనూ ఉంది. ధార్వాడవారు పరభాషా నటులు. వారి నాటకం మాటలను బట్టి కాక పాటను, వేషాన్ని, తెరలను బట్టి తెలుగువారికి నచ్చింది. అంటే మన ఆధునిక రంగస్థలానికి ప్రేరణ ఇచ్చింది పూర్తిగా చూసిన అనుభవమే. చదివిన నాటకం కాదు. అయినా ఆ ప్రదర్శనల్లో కళ్లకు కనిపించినదేమిటో తెలుసుకోవడానికి ఈనాడు మిగిలిన వివరాలు స్వల్పం.

బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభతో, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభతో ప్రదర్శనలు సాగించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో సురభి నాటక సమాజం ఆరంభమైంది. కోలాచలం ప్రపంచ నాటక చరిత్రను ఆంగ్లంలో రాయగలిగిన పండితుడు. ఆయన కాలంలోనే పక్క ఊరిలో ఆడిన నాటకాన్ని గురించి తెలుగులో వివరంగా రాసే అలవాటు మాత్రం బలపడలేదు. నాటకకర్తల పీఠికలు, వాదోపవాదాలు ఎక్కువగా భాష చుట్టూ తిరిగాయి. నాటకంలో పాత్రోచిత భాష ఉండవచ్చునా, గ్రామ్యం ప్రయోగించవచ్చునా అన్న చర్చ ఆ తరాన్ని ముంచెత్తింది. అది అవసరమైన చర్చే. కాని నటుడి నోట ఆ భాష ఎలా పలికిందన్న ప్రశ్న అందులో వెనక్కి వెళ్లింది.

4. కన్యాశుల్కం: రెండు ప్రతులు, అనేక ప్రదర్శనలు

ప్రదర్శన చరిత్రను వదిలేస్తే ఏం నష్టపోతామో ‘కన్యాశుల్కం’ స్పష్టంగా చూపుతుంది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసిని సభ ఈ నాటకాన్ని మొదటిసారి ప్రదర్శించింది. తొలి ప్రతి 1897లో అచ్చయింది. అంటే ఆ పాఠం రంగం మీద పరీక్షకు నిలబడి, తరువాత ముద్రణకు వచ్చినది. తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అపోహను తొలగించడం కూడా తన ఉద్దేశాల్లో ఒకటని గురజాడ తొలికూర్పు పీఠికలో చెప్పుకున్నారు. 1909 నాటి రెండో కూర్పు స్వభావం వేరు. అంకాలు అయిదు నుంచి ఏడయ్యాయి. మధురవాణి పాత్ర విస్తరించింది. ఉపకథలు చిక్కబడ్డాయి. పూర్తిగా ఆడితే ఒక రాత్రి చాలదన్నంతగా నిడివి పెరిగింది.

విమర్శకులు రెండు కూర్పులనూ పోల్చి ఎంతో రాశారు. మూడో పాఠం ఒకటి ఉందన్న సంగతి అంతగా గుర్తింపు పొందలేదు. అది ప్రదర్శన పాఠం. రెండో కూర్పును ఆడదలచిన ప్రతి సమాజమూ దాన్ని కుదించుకోక తప్పలేదు. ఏ రంగాలు తీసివేశారు, ఏ పాత్రలను తప్పించారు, ముగింపును ఎక్కడ నిలిపారు అన్నవి సాంకేతిక వివరాలుగా కనిపించవచ్చు. నిజానికి అవే ఆ సమాజం కన్యాశుల్కాన్ని ఎలా అర్థం చేసుకుందో చెబుతాయి. గిరీశం చుట్టూ అల్లితే అది హాస్యనాటకం. బుచ్చమ్మ, మీనాక్షిల రంగాలను నిలిపితే సంస్కరణ నాటకం. మధురవాణికి సౌజన్యారావుతో గల రంగాన్ని పూర్తిగా ఉంచితే మరో నాటకం.

1950ల నుంచి జె.వి.రమణమూర్తి గిరీశంగా, ఆయన అన్న జె.వి.సోమయాజులు రామప్పపంతులుగా ఈ నాటకాన్ని దశాబ్దాల తరబడి తెలుగువారి ముందుకు తీసుకువెళ్లారు. చాలామంది తెలుగువారికి గిరీశం గొంతు, నడక, చుట్ట పట్టుకునే తీరు ఆ ప్రదర్శనల నుంచి వచ్చినవే. 1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో సినిమా వచ్చాక ఎన్.టి.రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి మరో తరం ఊహలో స్థిరపడ్డారు. సినిమాను ఇవాళ కూడా చూసి విశ్లేషించవచ్చు. రంగస్థల గిరీశాన్ని అలా చూడలేం. ఆ గిరీశం గురించి ‘అద్భుతంగా నటించారు’ అనే మాట వందసార్లు దొరుకుతుంది. ఏ మాట దగ్గర ఆగాడు, ఎవరి వైపు చూశాడు, నవ్వు పుట్టించడానికి ముందు ఎంత విరామం ఇచ్చాడు అన్నది అంత సులభంగా దొరకదు.

5. పద్యం మిగిలింది, నటన మిగలలేదు

20వ శతాబ్దపు తొలి దశకాల్లో పద్యనాటకం తెలుగు పల్లెల్లోకి, పట్టణాల్లోకి సమానంగా ప్రవేశించింది. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్ర’, చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ రాత్రంతా ఆడేవారు. క్రమంగా కంట్రాక్టు నాటకాలు వచ్చాయి. వేర్వేరు సమాజాల్లోని పేరున్న నటులను ఒక కంట్రాక్టరు ఒకే రాత్రికి పిలిపించి నాటకం కట్టేవాడు. కలిసి సాధన చేయని నటులు నేరుగా రంగం మీదే కలుసుకునేవారు. ఒకే నాటకంలో కృష్ణపాత్రను అంకానికొకరు చొప్పున ఇద్దరు ముగ్గురు ధరించడం మామూలైంది. ఒక రాగానికి వన్స్ మోర్ అంటే, తరువాతి కృష్ణుడు అంతకు మించి పాడాలి. కథ ఆగిపోయినా ఎవరికీ పట్టింపు లేదు.

ఈ పద్ధతిని పరిహసించడం తేలిక. నాటక సంస్కర్తలంతా అదే చేశారు. భరతుడి మాటల్లో చెప్పాలంటే ఇది మానుషీ సిద్ధికి పరాకాష్ఠ. ‘సాధు’కారం ఇక్కడ వన్స్ మోర్‌గా మారింది, ఉంగరం విసరడం రూపాయి నోటు పిన్ను చేయడంగా మారింది. ఆ ప్రేక్షకుడు అజ్ఞాని కాదు. ఏ నటుడు ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడో, కిందటిసారి ఎలా పాడాడో అతడికి కంఠస్థం. పండితుడు పట్టించుకోని తులనాత్మక విమర్శ గుంటూరు, కృష్ణా జిల్లాల పందిళ్లలో నోటిమాటగా నడిచింది. అది కాగితం మీదకు రాలేదు, అంతే.

కాగితానికి బదులు గ్రామఫోను రికార్డు వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల కంఠం ఈనాటికీ వినగలగడం దాని పుణ్యమే. అయితే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లెం ఒక వైపున మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే పట్టేది. రంగం మీద శ్రోతల ఉత్సాహాన్ని బట్టి సాగే ఆలాపన రికార్డులో కుదించుకుపోయింది. ఎదుటి పాత్ర లేదు, చూపు లేదు, చేయి కదలిక లేదు. లభించిన ఆధారం కంఠానిది కావడంతో చరిత్ర కూడా కంఠాన్నే గుర్తుపెట్టుకుంది. పద్యనాటక నటుడంటే గాయకుడు అన్న అభిప్రాయం బలపడటంలో ఆ నాటి అభిరుచికి ఎంత పాత్ర ఉందో, మిగిలిన ఆధారాల స్వభావానికీ అంత పాత్ర ఉంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడకుండా పద్యనాటక నటనను గురించి చేసే నిర్ధారణలు తొందరపాటు అవుతాయి.

6. ప్రశంస, వర్ణన: రాఘవ, స్థానం

పాటకు లొంగని నటుల విషయంలో ఈ లోటు మరింత స్పష్టం. బళ్లారి రాఘవ (1880–1946) వృత్తిరీత్యా న్యాయవాది. రాగం కంటే మాటకు, మాట కంటే భావానికి ప్రాధాన్యమిచ్చిన నటుడిగా, స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టిన సంస్కర్తగా ఆయన చరిత్రలో నిలిచారు. పి.వి.రాజమన్నారు ‘తప్పెవరిది’ నాటకంలో కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలిసి నటించడం ఆ దిశలో ఒక మైలురాయి. రాఘవను గురించిన రచనల్లో ఆయనను ఏ మహనీయులు మెచ్చుకున్నారన్న విషయం ప్రధానంగా కనిపిస్తుంది. మెచ్చుకోలు ఆయన గొప్పతనానికి సాక్ష్యమే. ఆయన నటనకు మాత్రం సాక్ష్యం కాదు. ‘రైతుబిడ్డ’ (1939) వంటి కొన్ని చిత్రాల్లో ఆయన కనిపిస్తారు కాబట్టి ఛాయామాత్రంగానైనా ఒక ఆధారం ఉంది. అప్పటికి ఆయన వయసు దాదాపు అరవై. పఠాన్ రుస్తుంగా, హిరణ్యకశిపుడిగా ఆయన రంగం మీద నిలిచిన రోజులు చాలా వెనకటివి.

స్థానం నరసింహారావు (1902–1971) విషయంలో పరిస్థితి కొంత మెరుగు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా, రోషనారగా, చింతామణిగా ఆయన స్త్రీపాత్ర ధారణను ఒక శాస్త్రంగా మలిచారు. తన పాత్రలను తాను ఎలా రూపొందించుకున్నారో ‘నటస్థానం’లో స్వయంగా రాశారు. ఒక తెలుగు నటుడు తన కళను గురించి లోపలి నుంచి రాసిన అరుదైన గ్రంథం అది. ఒక పాత్రకూ మరొక పాత్రకూ నడకలో, చీరకట్టులో, చూపులో భేదం ఎందుకుండాలి అన్న ఆలోచన అటువంటి రచన వల్లనే తరువాతివారికి అందింది. అయినా నటుడు చెప్పేది తన ఉద్దేశం. రంగం కింద కూర్చున్నవాడికి ఏమి కనిపించిందన్నది వేరు సాక్ష్యం. పురుషుడు స్త్రీగా మెప్పించిన కళను, స్త్రీలే రంగం మీదకు వచ్చిన తరువాతి తరం ఎలా అర్థం చేసుకోవాలి? అటువంటి ప్రశ్నకు ఈ రెండు సాక్ష్యాలూ కావాలి.

ఆ రెండో సాక్ష్యాన్ని తన జీవితవ్యాసంగంగా చేసుకున్నవారిలో పురాణం సూరిశాస్త్రిని ముందుగా చెప్పుకోవాలి. ‘నాట్యాంబుజము’, ‘నాట్యోత్పలము’, ‘నాట్యాశోకము’ అని ఆయన తన గ్రంథాలకు పెట్టిన పేర్లు మన్మథుడి పూలబాణాలను గుర్తుచేస్తాయి. విమర్శగ్రంథాలకు ఇంత మోజుగా పేర్లు పెట్టుకోవడంలోనే నాటకం మీద ఆయనకున్న వ్యామోహం తెలుస్తుంది. పరిశోధకులు ఆయనను సంప్రదాయ పండితుడిగానో, నాటక లక్షణవేత్తగానో ఒక వాక్యంలో ప్రస్తావించి సాగిపోతారు. ఆయన ప్రత్యేకత వేరే చోట ఉంది. నటుడూ నటనా సాహిత్య విమర్శకు తగిన వస్తువులేనని ఆయన నమ్మారు. కవిని విమర్శించడానికి ఎంత పాండిత్యం కావాలో నటుడిని విమర్శించడానికీ అంత కావాలన్న గౌరవం దాని వెనుక ఉంది. నటులను సమాజం ఇంకా చిన్నచూపు చూస్తున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఈ మార్గంలో తరువాత చాలామంది నడవకపోవడానికి సినిమా ఒక కారణం. 1930లలో కృష్ణాపత్రికలో సినిమా సమీక్షలు రాసి పేరు తెచ్చుకున్న కమలాకర కామేశ్వరరావు తరువాత దర్శకుడయ్యారు. బందరు వంటి నాటకాల పట్టణంలో నిశితంగా రాయగల యువకుడు తెర వైపు చూడటం కాలధర్మమే. పైగా సినిమా ఊరూరా ఒకటే. సమీక్ష చదివినవాడు రేపు వెళ్లి చూడగలడు. నిన్న రాత్రి తెనాలిలో ఆడిన నాటకాన్ని చదువరి చూసే వీలు లేదు. సమీక్షకు వ్యాపార ప్రయోజనం లేనప్పుడు పత్రికలో దానికి చోటు తగ్గడం సహజం. క్రమంగా నాటక సమీక్ష స్థానంలో సభావార్త వచ్చింది. అధ్యక్షులెవరు, ముఖ్య అతిథి ఎవరు, ఎవరికి శాలువా కప్పారు అన్నది పూర్తిగా ఉంటుంది. నాటకం ‘ప్రేక్షకులను ఆకట్టుకుంది’ అన్న ఒక్క ముక్కతో సరి.

7. పరిషత్తులు: తీర్పు ఉంది, వాక్యం లేదు

1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు తెలుగు నాటకరంగాన్ని మలుపు తిప్పిన సంస్థ. దాని పోటీల స్ఫూర్తితో ఊరూరా పరిషత్తులు వెలిశాయి. సాంఘిక నాటకం, నాటిక పుంజుకోవడానికి, దర్శకుడికి గుర్తింపు రావడానికి, ఔత్సాహిక నటులు నిలదొక్కుకోవడానికి పరిషత్తులే ఆధారమయ్యాయి. పరిషత్తు లేకపోతే గత యాభై ఏళ్ల తెలుగు నాటకం చాలావరకు ఉండేది కాదు.

పరిషత్తు న్యాయనిర్ణేత భరతుడి ప్రాశ్నికుడికి వారసుడు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ నటుడు, నటి, హాస్యనటుడు, ఆహార్యం, రంగాలంకరణ, సంగీతం అన్న విభజనలో ఆ పదిమంది ప్రాశ్నికుల నీడ కనిపిస్తుంది. అయితే ఇక్కడ పదిమంది పని ముగ్గురు చేస్తారు. ఒకే సాయంత్రం రెండు మూడు నాటికలు చూసి, ప్రతిదానికీ అంకెలు వేసి, చివరి రాత్రి ఫలితాలు ప్రకటిస్తారు. ఆ అంకెల వెనుక తప్పక ఆలోచన ఉంటుంది. నటుడు ఎక్కడ తేలిపోయాడో, రచన ఎక్కడ బిగువు సడలిందో న్యాయనిర్ణేతకు తెలుసు. ఫలితాల తరువాత నటులు ఆయనను చుట్టుముట్టి అడిగితే చెబుతాడు కూడా. ఆ మాటలు గాలిలో కలుస్తాయి. మార్కుల కాగితం సంచిలోకి వెళుతుంది. జ్ఞాపిక నటుడి ఇంటి అల్మారాలో నిలుస్తుంది. ‘ఉత్తమ నటుడు’ అన్న మాట నుంచి యాభై ఏళ్ల తరువాతి చరిత్రకారుడు గ్రహించగలిగేది ఏమీ లేదు.

దీని ప్రభావం రచన మీద కూడా పడింది. వివరణ లేని తీర్పు వచ్చినప్పుడు సమాజాలు గెలిచిన నాటికను చూసి దాన్ని అనుకరిస్తాయి. ఒకే తరహా కుటుంబ విషాదాలు, చివరలో సుదీర్ఘ ఉపన్యాసం, గంట నిడివికి సరిపడే మలుపులు ఏళ్ల తరబడి పునరావృతం కావడానికి ఇదొక ముఖ్య కారణమని భావించవచ్చు. గెలుపుకు కారణం ఎవరూ రాయలేదు కాబట్టి పైకి కనిపించిన లక్షణాలే కారణాలుగా చలామణి అయ్యాయి.

8. రెండు చరిత్రలు

ఈ నేపథ్యంలో రెండు గ్రంథాల విలువ తెలుస్తుంది. పోణంగి శ్రీరామ అప్పారావు ‘తెలుగు నాటక వికాసము’ (1967) నాటక రచనను, సమాజాలను, నటులను ఒకచోట చేర్చిన బృహత్ గ్రంథం. నాట్యశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చిన పండితుడే ఈ చరిత్రను రాయడం యాదృచ్ఛికం కాదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి దారి వేరు. ఆయన నటుడు. కపిలవాయి శిష్యరికం, ప్రజానాట్యమండలి, సినిమా అన్నీ చూసినవాడు. ‘ఆంధ్ర నాటకరంగ చరిత్ర’, ‘నటరత్నాలు’, ‘తెలుగువారి జానపద కళారూపాలు’ రాయడానికి ఆయనను నడిపించింది విశ్వవిద్యాలయ పట్టా కాదు, జీవితమంతా వదలని నాటకాభిమానం. ఆయన రచనల్లో తారీఖులు అక్కడక్కడ తడబడవచ్చు, ప్రశంస పొంగి పొర్లవచ్చు. అయినా ఏ పండితుడూ పేరెత్తని మారుమూల హార్మోనిస్టు, మేకప్ కళాకారుడు, హాస్యగాడు ఆ పుటల్లో కనిపిస్తారు. పరిశోధకులు ఆయన్ను ఉపయోగించుకున్నంతగా ఉదాహరించరన్నది ఒక చేదు నిజం. అభిమాని రాసినది ఆధారం కాదన్న పట్టింపు ఇందుకు కారణమైతే, అభిమానులు తప్ప మరెవరూ ఆ రాత్రులు మేలుకొని లేరన్న సంగతి గుర్తుంచుకోవాలి.

9. చింతామణి: ఏ పాఠాన్ని నిషేధించారు?

ప్రదర్శనకు లిఖిత ఆధారం లేకపోవడం గ్రంథాలయ సమస్య మాత్రమే కాదని ఇటీవలి చరిత్ర తెలిపింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనను నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు సుమారు నూరేళ్ల కిందట వేశ్యావ్యసనాన్ని నిరసిస్తూ రాసిన నాటకం ఇది. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చిరకాలంగా అభ్యంతరం చెబుతున్నారు. నిషేధం వచ్చినప్పుడు నాటకాభిమానులు కాళ్లకూరి పాఠాన్ని చూపించారు. మూలంలో లేని బూతు మాటలు తరువాతి నటులు చేర్చినవని వాదించారు. అభ్యంతరం చెప్పినవారు చూసినది పుస్తకాన్ని కాదు, ప్రదర్శనను. తిరునాళ్లలో, జాతరల్లో సుబ్బిశెట్టి ఎలా కనిపించాడన్నదే వారి బాధ. ఒకరు గ్రంథాన్ని, మరొకరు రంగాన్ని ప్రమాణంగా తీసుకున్నారు కాబట్టి వాదం కలవనేలేదు.

కలవడానికి మధ్యలో ఒక చరిత్ర ఉండాలి. కాళ్లకూరి సుబ్బిశెట్టి ఎప్పుడు, ఎవరి చేతిలో, ఏ ప్రాంతపు ప్రేక్షకుల కోసం హాస్యపాత్ర నుంచి పరిహాస పాత్రగా మారాడు? చిత్ర, శ్రీహరి పాత్రలతో అతడి సంభాషణలు ఎంతమేరకు పెరిగాయి? స్థానం చింతామణిగా నటించిన కాలపు ప్రదర్శనకూ, ఊరి తిరునాళ్లలో తెల్లవార్లూ ఆడే ప్రదర్శనకూ భేదం ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడు ఆ ప్రదర్శనలను చూసి రాసిన సమీక్షకుడు. అతడు లేడు. ఉన్నది అచ్చుప్రతి, ఆపైన జ్ఞాపకాలు, ఈ మధ్య కాలపు కొన్ని దృశ్యముద్రణలు.

పద్యనాటక సమాజాల్లో పాత్రధారులు తమ భాగాన్ని నోటుపుస్తకంలో చేత్తో రాసుకోవడం రివాజు. చేర్చిన మాటలు, కొట్టివేసిన పద్యాలు, మార్చిన రాగాల పేర్లు వాటి అంచుల్లో ఉంటాయి. వయసు మీరిన నటుల ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున అటువంటివి ఇప్పటికీ దొరికే అవకాశముంది. సుబ్బిశెట్టి పాత్రధారుల పుస్తకాలను నాలుగైదు జిల్లాల నుంచి సేకరించి కాళ్లకూరి ముద్రిత పాఠంతో వరుస వారీగా సరిపోల్చితే, ఏ మాట ఎక్కడ చేరిందో కొంతవరకైనా తేలుతుంది. న్యాయనిర్ణేతలుగా దశాబ్దాలు పనిచేసినవారి దగ్గర మిగిలిన మార్కుల కాగితాలు, వాటి వెనుక పెన్సిలుతో రాసుకున్న రెండు మూడు మాటలు కూడా ఈ సేకరణలో చేరవలసినవే.